ఓడిపోయే కాలేజీ జట్టు గెలవడం మొదలుపెడితే ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు చాలా ఏళ్లుగా తన కాన్ఫరెన్స్‌లో (ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిలో) అట్టడుగునే ఉంది. ఈసారి కొత్త సంవత్సరం వచ్చేసరికి 11 గెలిచి 3 మాత్రమే ఓడింది. మీకేమో ఆశ పుడుతోంది, పాత అభిమానులేమో నోరు మెదపడం లేదు. ఇది వాపా బలుపా ఎలా తెలుస్తుంది, వచ్చే ఏడాదికి సీజన్ టికెట్ కొనొచ్చా అని అడిగారు. జట్టు పేరు రాయలేదు. ఫర్వాలేదు, ఇలాంటి జట్లన్నిటి కథా ఇంచుమించు ఒకేలా నడుస్తుంది.

ముందు ఆ 11-3 సంగతి. దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోకండి. నవంబర్, డిసెంబర్‌లలో పెద్ద కాన్ఫరెన్స్ జట్లు చిన్న కాలేజీలను డబ్బిచ్చి తమ కోర్టుకు పిలిపించుకుని ఆడతాయి. ఒక్కో మ్యాచ్‌కి లక్ష డాలర్లకు దగ్గరగా కూడా ఇస్తారు. చిన్న కాలేజీకి ఏడాది బడ్జెట్‌లో కొంత గడుస్తుంది, పెద్ద జట్టుకి గెలుపు ఖాతాలో పడుతుంది. మీ 11లో అలాంటివి ఎన్నో ఒకసారి చూసుకోండి. సగానికి పైగా అవే అయితే మీ జట్టు పరీక్ష ఇంకా మొదలుకాలేదు. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా ఉంటాయి. అసలు మార్కులు అక్కడే పడతాయి.

నేను న్యూజెర్సీలో పిస్కాటవే పక్కన ఉంటాను. ఎడిసన్, పిస్కాటవేల్లో తెలుగువాళ్లకి కొదవలేదు, ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలకీ కొదవలేదు. అయినా ఆ జట్టు గురించి మాట్లాడే తెలుగువాళ్లు అరుదు. మనవాళ్ల కబుర్లు క్రికెట్‌తో మొదలై ఎన్‌బీఏ దగ్గర ఆగిపోతాయి. నేను మాత్రం ఏళ్ల తరబడి ఆ జట్టునే పట్టుకుని వేలాడుతున్నాను, కాబట్టి రట్గర్స్ ఉదాహరణతోనే చెబుతాను. ఓటమి నుంచి ఆశలోకి, అక్కడి నుంచి అతి ఆశలోకి వెళ్లడం ఎలా ఉంటుందో అన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి.

రట్గర్స్ 1976లో ఫైనల్ ఫోర్ (దేశవ్యాప్త టోర్నమెంట్ సెమీఫైనల్స్) దాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వెళ్లింది. అక్కడ మిషిగన్ చేతిలో, ఆపై మూడో స్థానం మ్యాచ్‌లో ఓడి, చివరికి 31-2తో ముగించింది. ఆ జట్టును చూసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ కబుర్లు చెబుతారు. 1991 తర్వాత మాత్రం ఆ దేశవ్యాప్త పోటీ, అంటే ఎన్‌సీఏఏ టోర్నమెంట్, గుమ్మం తొక్కడానికి 30 ఏళ్లు పట్టింది. మధ్యలో ఏం జరగాలో అంతా జరిగింది. 2013లో కోచ్ మైక్ రైస్ ప్రాక్టీస్‌లో ఆటగాళ్లను తిడుతూ, తోస్తూ, బంతులు విసురుతూ ఉన్న వీడియో టీవీలో రావడంతో ఆయన ఉద్యోగం పోయింది. ఆయన స్థానంలో 1976 జట్టులో ఆడిన ఎడ్డీ జోర్డన్ వచ్చాడు. 2014లో యూనివర్సిటీ బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో చేరింది. బలహీనమైన జట్టు వెళ్లి దేశంలోని గట్టి జట్ల మధ్య పడింది.

ఆ మొదటి బిగ్ టెన్ సీజన్లో జరిగినదాన్ని ఇలాంటి ప్రశ్న అడిగిన ప్రతివాళ్లకీ చెబుతుంటాను. 2015 జనవరి 11న రట్గర్స్ సొంత కోర్టులో అప్పుడు దేశంలో 4వ ర్యాంకులో ఉన్న విస్కాన్సిన్‌ను 67-62తో ఓడించింది. అదే విస్కాన్సిన్ ఆ ఏడాది దేశ ఫైనల్ దాకా వెళ్లింది. స్టూడెంట్లు కోర్టు మీదకి దూకేశారు, ఆ రాత్రి అందరూ ‘మలుపు తిరిగింది’ అన్నారు. ఆ తర్వాత జట్టు వరసగా 15 మ్యాచ్‌లు ఓడింది. ఆ సీజన్లో మళ్లీ గెలుపన్నదే లేదు. నిజానికి విస్కాన్సిన్‌లో ప్రధాన ఆటగాడు ఫ్రాంక్ కమిన్‌స్కీ ఆ రోజు దెబ్బ తగిలి ఆడలేదు. మరుసటి ఏడాది ఇంకా ఘోరం: 7 గెలిచి 25 ఓడింది. కాన్ఫరెన్స్‌లో 1-17.

అందుకే పెద్ద జట్టును ఓడించిన ఒక్క రాత్రిని పట్టుకుని ఆశ పెంచుకోకండి అంటాను. బాస్కెట్‌బాల్‌లో త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడే రోజు ఎవరైనా ఎవరినైనా ఓడించగలరు. మళ్లీ మళ్లీ జరిగేవి ఏమిటో చూడాలి.

2016 మార్చిలో స్టోనీ బ్రూక్ నుంచి స్టీవ్ పైకెల్ కోచ్‌గా వచ్చాడు. మొదటి ఏడాది కాన్ఫరెన్స్‌లో 3-15. రెండో ఏడాదీ 3-15. కాగితం మీద చూస్తే అంగుళం కూడా కదల్లేదు. కానీ అరీనాలో కూర్చుని చూసేవాళ్లకి తేడా తెలిసింది. అంతకుముందు 30, 40 పాయింట్ల తేడాతో ఓడే జట్టు ఇప్పుడు చివరి ఐదు నిమిషాల దాకా పోటీలో ఉండి ఓడుతోంది. షాట్లు అప్పటికీ పడేవి కావు. సున్నితంగా చెప్పాలంటే ఆఫెన్స్ చూడబుద్ధి అయ్యేది కాదు. కానీ మిస్సయిన ప్రతి బంతికీ నలుగురు ఎగబడేవాళ్లు. డిఫెన్స్‌లో ఎవడూ నిలబడి చూసేవాడు కాదు. 2018లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన బిగ్ టెన్ టోర్నమెంట్‌లో చివరి సీడ్‌గా (అందరికంటే అడుగు ర్యాంకుతో) వెళ్లి మిన్నెసోటాను, ఇండియానాను వరసగా ఓడించి, పర్డ్యూకి కూడా చెమటలు పట్టించి ఓడిపోయారు.

డిఫెన్స్, రీబౌండ్లు (మిస్సయిన బంతిని దక్కించుకోవడం) ఒక రోజు ఉండి ఇంకో రోజు లేకుండా పోయేవి కావు. షూటింగ్ అలా పోతుంది. అందుకే కొత్త కోచ్ ఆ రెండిటితో మొదలుపెట్టాడంటే నాకు నమ్మకం కుదురుతుంది. మూడో ఏడాది కాన్ఫరెన్స్ గెలుపులు 7కి వచ్చాయి. నాలుగో ఏడాది, 2019-20లో, 11. మొత్తం మీద 20-11. 2006 తర్వాత ఓటములకన్నా గెలుపులు ఎక్కువ ఉన్న సీజన్ అదే మొదటిది. 1979 తర్వాత మొదటిసారి టాప్ 25 ర్యాంకుల్లో పేరు కనిపించింది.

దీని వెనక ఇంకో విషయం ఉంది, అభిమానులు దాన్ని పెద్దగా పట్టించుకోరు. 2019లో యూనివర్సిటీ ప్రాక్టీస్‌కి విడిగా కొత్త భవనం కట్టింది. ఏళ్ల తరబడి మిగతా బిగ్ టెన్ కాలేజీలు అలాంటివి చూపించి పిల్లల్ని ఎగరేసుకుపోతుంటే, ఇక్కడ అరీనాలోనే ప్రాక్టీస్ వేళలు సర్దుకునేవాళ్లు. పదిహేడేళ్ల కుర్రాడు, వాడి తల్లిదండ్రులు క్యాంపస్ చూడటానికి వచ్చినప్పుడు ఇవే చూస్తారు. మీ యూనివర్సిటీ ఈ మధ్య ఇలాంటి వాటి మీద డబ్బు పెట్టిందా? పెట్టకుండా కేవలం కోచ్‌ను మార్చి ఊరుకుంటే నేనైతే అనుమానిస్తాను.

ఇప్పుడు మీరు చూడాల్సిన అంకెలు. కెన్‌పామ్ అనే సైట్ ఉంది, కెన్ పామరాయ్ అనే ఆయన నడుపుతాడు. ప్రత్యర్థి బలాన్ని లెక్కలోకి తీసుకుని, 100 పొజెషన్లకు (బంతి చేతికొచ్చిన వంతులకు) జట్టు ఎన్ని పాయింట్లు చేస్తోంది, ఎన్ని ఇస్తోంది అని చెబుతుంది. నిరుటికీ ఇప్పటికీ డిఫెన్స్ ర్యాంకు పోల్చి చూడండి. రెండోది, దగ్గరి మ్యాచ్‌లు. మీ 11లో మూడు నాలుగు పాయింట్ల తేడాతో గట్టెక్కినవి ఎక్కువుంటే, అదే అదృష్టం ఫిబ్రవరిలో తిరగబడొచ్చు. అదే సైట్‌లో ‘లక్’ అని ఒక కాలమ్ ఉంటుంది. దాంట్లో మీ జట్టు పైన ఉంటే సంబరపడకండి, జాగ్రత్తపడండి. మూడోది ఎవరూ చూడనిది: ప్రత్యర్థుల ఫ్రీ త్రో (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్) శాతం. అవతలివాడు ఫ్రీ త్రో మిస్ చేస్తే అందులో మీ డిఫెన్స్ గొప్పతనం ఏమీ లేదు. అది బాగా తక్కువగా ఉందంటే మీకు కొన్ని గెలుపులు ఊరికే వచ్చాయన్నమాట. ప్రత్యర్థుల త్రీ పాయింటర్ల శాతంలో కూడా కొంతవరకు ఇదే కథ.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, బయటి కోర్టుల్లో గెలుపు. 2019-20లో రట్గర్స్ సొంత అరీనాలో 18 గెలిచి ఒక్కటే ఓడింది. ఆ అరీనా చూసినవాళ్లకి ఎందుకో తెలుసు. 1977లో కట్టింది, గోడలు ఏటవాలుగా ఉంటాయి, సీట్లు కోర్టు మీదకి వంగినట్టుంటాయి, 8,000 మందే పడతారు. కానీ ఆ కప్పు కింద అరుపు బయటికి పోదు. అవతలి కోచ్ టైమవుట్‌లో చెప్పేది పక్కనున్న ఆటగాడికే వినపడదు. ప్రత్యర్థి ఫ్రీ త్రో వేస్తుంటే బుట్ట వెనక స్టూడెంట్ల గోల చూస్తే జాలేస్తుంది. అదే జట్టు బయటికి వెళ్తే బేర్‌మనేది. కాన్ఫరెన్స్‌లో బయట గెలిచింది మార్చి దాకా నెబ్రాస్కాలో ఒక్కటే. పైగా ఫ్రీ త్రోలు వేయడం అప్పటికీ రాదు. మార్చి 7న పర్డ్యూ వెళ్లి ఓవర్‌టైంలో 71-68తో గెలిచినప్పుడు మాత్రం మా ఇంట్లో అందరూ లేచి నిలబడ్డారు. ఆ ఏడాది నాకు నమ్మకం కుదిరింది ఆ మ్యాచ్‌తోనే.

ఎన్‌సీఏఏ సెలక్షన్ కమిటీ లెక్క కూడా దీన్ని గుర్తిస్తుంది. 2018-19 నుంచి వాళ్లు నెట్ ర్యాంకింగ్ వాడుతున్నారు. అందులో ‘క్వాడ్ 1’ గెలుపు అన్నది కీలకం. సొంత కోర్టులో అయితే టాప్ 30 జట్టును ఓడించాలి, తటస్థ వేదికలో టాప్ 50, ప్రత్యర్థి కోర్టులో అయితే టాప్ 75 చాలు. బయట గెలవడం ఎంత కష్టమో ఆ తేడాలోనే ఉంది. మీ జట్టు ఖాతాలో క్వాడ్ 1 గెలుపులు ఎన్నో వెతకండి. సున్నా అయితే పాత అభిమానుల మౌనానికి అదే కారణం.

మౌనం గురించి ఒక మాట. వాళ్లని నిరాశావాదులని అనుకోకండి. 2020 మార్చి 12న రట్గర్స్ ఇండియానపోలిస్‌లో బిగ్ టెన్ టోర్నమెంట్ ఆడాలి, ప్రత్యర్థి మిషిగన్. 29 ఏళ్ల తర్వాత ఎన్‌సీఏఏ బెర్తు దాదాపు ఖాయమైన వారం అది. ఇద్దరూ కోర్టులో వార్మప్ చేస్తున్నారు, టీవీలో చూస్తున్నాం. ఉన్నట్టుండి ఆటగాళ్లని లోపలికి పిలిచేశారు. కోవిడ్. సాయంత్రానికల్లా దేశవ్యాప్త టోర్నమెంట్ మొత్తం రద్దు. 1991 నుంచి ఎదురుచూసిన మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ‘మనం బాగుపడిన ఏడాదే ప్రపంచం మూతపడింది’ అని మాలో మేం వేసుకునే జోక్ అప్పటిదే. అలాంటివి చూసినవాళ్లు జనవరిలో టోర్నమెంట్ మాట ఎత్తితే చెంపలేసుకుంటారు, అంతే. లోపల మాత్రం మీకంటే ఎక్కువగానే లెక్కలు వేస్తుంటారు.

మరుసటి ఏడాది బెర్తు వచ్చింది. క్లెమ్సన్‌ను 60-56తో ఓడించారు. టోర్నమెంట్‌లో రట్గర్స్‌కి 1983 తర్వాత మొదటి గెలుపు. తర్వాతి మ్యాచ్‌లో హ్యూస్టన్ మీద చివరి ఐదు నిమిషాల్లోకి చక్కటి ఆధిక్యంతో వెళ్లి, దాన్ని జారవిడుచుకుని 63-60తో ఓడారు. చివరి క్షణాల్లో బంతి జియో బేకర్ చేతిలోంచి జారింది. నాలుగేళ్లు జట్టును భుజాన మోసిన కుర్రాడు. హ్యూస్టన్ ఆ ఏడాది ఫైనల్ ఫోర్‌కి వెళ్లింది. ఆ ఓటమి బాధ వేరు. 1-17 ఏడాదిలో ఓడితే బాధ కూడా ఉండదు, అలవాటైపోతుంది. బాగుపడుతున్న జట్టు ఓటములు నిద్ర పట్టనివ్వవు. మీరు ఆ దశలోకి వెళ్తున్నారు, సిద్ధంగా ఉండండి.

బాగుపడటం సరళరేఖలో ఉండదని కూడా గుర్తుంచుకోండి. 2021 నవంబర్ 22న రట్గర్స్ సొంత అరీనాలో లఫాయెట్ అనే చిన్న కాలేజీ చేతిలో 53-51తో ఓడింది. అందరం తలపట్టుకున్నాం. మూడు వారాలు తిరగకముందే, డిసెంబర్ 9న, అదే అరీనాలో నంబర్ వన్ పర్డ్యూను 70-68తో ఓడించింది. రాన్ హార్పర్ జూనియర్ సగం కోర్టు దగ్గర నుంచి విసిరిన బంతి బజర్‌తో పాటు బుట్టలో పడింది. నంబర్ వన్ జట్టును రట్గర్స్ ఓడించడం చరిత్రలో అదే మొదటిసారి. ఈ రెండిటిలో ఏది నిజం అంటే రెండూ కాదు. ఫిబ్రవరిలో మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్, విస్కాన్సిన్, ఇల్లినాయ్... ర్యాంకుల్లో ఉన్న నాలుగు జట్లను వరసగా ఓడించడం నిజం. అందులో విస్కాన్సిన్ మ్యాచ్ వాళ్ల కోర్టులోనే ఆడింది. ఆ సీజన్ కాన్ఫరెన్స్‌లో 12-8. మళ్లీ టోర్నమెంట్.

ఇక చేదు భాగం. 2024-25కి హార్పర్ తమ్ముడు డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ వచ్చి చేరారు. దేశంలోనే పేరున్న కుర్రాళ్లు. సీజన్ మొదలవకముందే జట్టుకి 25వ ర్యాంకు. టికెట్ల కోసం ఎప్పుడూ ఫోన్ చేయని బంధువులు కూడా ఫోన్లు చేశారు. జాగ్రత్తగా ఆశపడే జనం అంతా ఒక్క వేసవిలో ధీమాలోకి వెళ్లిపోయారు. కెన్నెసా స్టేట్ చేతిలో ఓడినప్పుడే గొంతులో ఏదో అడ్డుపడింది. చివరికి 15-17. టోర్నమెంట్ లేదు. జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) డిలన్ రెండో పిక్, బెయిలీ ఐదో పిక్. ఆ ఇద్దరి ప్రతిభలో లోటేం లేదు. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది కొత్తవాళ్లు, పైగా ఇన్నేళ్లూ ఈ జట్టును నిలబెట్టిన డిఫెన్స్ ఆ ఏడాది కనిపించలేదు. 2020 జట్టులో డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌కి వెళ్లినవాడు ఒక్కడూ లేడు, రెండు మూడేళ్లుగా కలిసి ఆడినవాళ్లు మాత్రం ఉన్నారు. కాబట్టి మీ జట్టులో ఎక్కువ నిమిషాలు ఆడుతున్న ఎనిమిది మంది పేర్లు రాసుకుని, నిరుడు కూడా ఇక్కడే ఆడినవాళ్లు ఎందరో చూడండి.

ఈ లెక్క ఇప్పుడు కష్టమైంది, ఒప్పుకుంటాను. 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది ఆటకు దూరంగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు. అదే ఏడాది జూలై నుంచి తమ పేరు, ముఖం వాడుకుని సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బిస్తున్నాయి. 2025-26లో అన్ని ఆటలకూ కలిపి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దీనివల్ల అడుగున ఉన్న జట్టు ఒక్క వేసవిలో పైకి రావచ్చు, అంతే వేగంగా ఖాళీ కూడా కావచ్చు. మీ జట్టులో బాగా ఆడుతున్న రెండో ఏడాది కుర్రాడి మీద ఈపాటికే పెద్ద కాలేజీల కన్ను పడి ఉంటుంది. మీ కోచ్ మీద కూడా.

ఒక్క మంచి ఏడాది తర్వాత జారిపోవడం కూడా మామూలే, దానికి అంత కంగారు అక్కర్లేదు. చికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ చూడండి. టోర్నమెంట్ మొదలైంది 1939లో, వాళ్లు మొదటిసారి అందులో అడుగుపెట్టింది 2017లో. ఆ వెంటనే వరసగా ఐదు సీజన్లు ఓటములే ఎక్కువ. యూనివర్సిటీ మాత్రం కోచ్ క్రిస్ కాలిన్స్‌ను ఉంచుకుంది. 2023లో, 2024లో మళ్లీ టోర్నమెంట్‌కి వెళ్లారు. ఆ ఐదేళ్లలో ఆయన్ని తీసేయమని అరిచినవాళ్లే 2023లో కోర్టు పక్కన నిలబడి చప్పట్లు కొట్టి ఉంటారు. అభిమానులం అంతే.

మీ జట్టుకి ఈ సీజన్లో నేను పెట్టే పరీక్ష చిన్నది. ఫిబ్రవరి పదిహేను లోపు బయటి కోర్టులో, కాన్ఫరెన్స్‌లో పైసగంలో ఉన్న జట్టును కనీసం రెండుసార్లు ఓడించాలి. ఓడిన మ్యాచ్‌లలో 20 పాయింట్ల తేడా ఒకటికి మించి ఉండకూడదు. వరసగా మూడు ఓడితే కంగారుపడకండి, బిగ్ టెన్ లాంటి చోట్ల మంచి జట్లకీ అది మామూలే. ఆ మూడో ఓటమిలో కూడా కుర్రాళ్లు కింద పడిన బంతి కోసం దూకుతున్నారా అన్నది చూడండి.

టెన్షన్ భరించలేకపోతే జోస్యం చెప్పే సైట్లు, టోర్నమెంట్‌కి ఎవరు వెళ్తారో చెప్పే అంచనా జాబితాలు మార్చి మొదటి వారం దాకా తెరవకండి. మా ఇంట్లో అది రూలు. మా అబ్బాయి దొంగచాటుగా చూస్తాడనుకోండి, అది వేరే సంగతి.

సీజన్ టికెట్ మాటకొస్తే, కొనండి, కానీ ఇప్పుడే కాదు. ఏప్రిల్‌లో సీజన్ అయ్యాక ఆటగాళ్లు కాలేజీలు మారే గడువు ఒకటి ఉంటుంది. అది ముగిశాక ఎవరు మిగిలారో, కోచ్ ఉన్నాడో లేదో చూసి కొనండి. ఇన్నాళ్లు అడుగున ఉన్న జట్టు కాబట్టి సీట్లు అప్పటికీ దొరుకుతాయి. మూలసీట్లు చవగ్గా వస్తాయి, కోర్టు మొత్తం కనిపిస్తుంది. డిఫెన్స్ ఎలా కదులుతోందో చూడాలంటే నాకైతే కోర్టు పక్క సీట్లకన్నా అవే నయం.